అమెచ్యూరు రేడియో స్తంభము: నిలుపుట, కాపాడుట

తుఫాను వీచినపుడు టెలిఫోను తీగలు తెగును, విద్యుత్తు నిలిచిపోవును. అట్టి వేళ బ్యాటరీపై పనిచేయు అమెచ్యూరు రేడియో ఎంతయో అక్కరకు వచ్చును. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థవారు పోర్టుబ్లెయిరునుండి అండమాను వార్తలను వెలుపలికి అందజేసిరి. అయితే ఏరియలును మోయు స్తంభము కూలినచో ఎంత మంచి రేడియో అయినను మూగవోవును.

ఈ రేడియో పెట్టదలచువారు ముందుగా కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందవలెను. 7 మెగాహెర్ట్జులపై మాటలాడుటకు సుమారు 20 మీటర్ల రాగితీగ చాలును. దానిని రెండు సమభాగములు చేసి, నడుమను, కొనలయందును ఇన్సులేటర్లు అమర్చి, నడిమినుండి కేబులును రేడియోకు దింపవలెను.

స్తంభమునకు చోటు ఎన్నుకొనుటలో ఏమరుపాటు ప్రాణాంతకము. అది ఏ వైపు ఒరిగినను, స్తంభముగాని ఏరియలుగాని కరెంటు తీగలకు తగులరాదు. మూడు వైపుల సమదూరమున స్టే వైర్లు కట్టవలెను. 10 మీటర్ల స్తంభమునకు వాని మేకులు మొదటినుండి 6 మొదలు 8 మీటర్ల దూరమున ఉండుట మేలు. ఇనుప స్తంభమును ఎర్తు చేయవలెను. ఉరుములు వినబడకమునుపే కేబులును విడదీయవలెను.

ఏటేట తుఫానుల కాలమునకు ముందే మరలను బిగించి, తుప్పుపట్టిన తీగలను మార్చవలెను. ఒడలంతటిని పట్టి ఉంచు రక్షణ పట్టీలు (హార్నెస్) లేనిదే, క్రింద తోడు లేనిదే ఎవరును పైకెక్కరాదు. పెనుగాలి లేచిన పిమ్మట చేయగలిగినది లేదు; కావున నిర్మలమైన దినములలోనే మనము ఈ పని ముగించుకొందము.