చలి సోకిన రక్తఫలకికలు

పలనాటి సీమ రాళ్లు, తేళ్లు, జొన్నకూడు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులలోకి ఎక్కాయి. ఇక్కడి ఎండ సంగతి చెప్పడానికి కవి అవసరం లేదు. శ్రీకృష్ణదేవరాయలు తన తూర్పు దిగ్విజయయాత్రలో జయించిన బెల్లంకొండ దుర్గం కింది పల్లెలలో మే నెల మధ్యాహ్నం ఒక్కసారి నిలబడితే చాలును. ఇటువంటి చోట ‘గది ఉష్ణోగ్రత’ అనే మాటకు అర్థమేమిటి? రక్తనిధి కేంద్రాల విషయంలో ఈ ప్రశ్న ప్రాణాలతో ముడిపడినది.

బెల్లంకొండ ప్రాంతానికి చెందిన ఒక బాలుడు రక్త కాన్సరుతో నరసరావుపేటలో ఆసుపత్రిలో ఉన్నాడనుకొందాం. చిగుళ్ల నుండి రక్తం కారుతున్నది. మేనమామ గుంటూరుకు వెళ్లి ప్లేట్‌లెట్ల సంచీ తెస్తున్నాడు. పాలు, చేపలు, టీకామందు మొదలైనవన్నీ మంచులో పెడితేనే నిలుస్తాయని ఎరిగినవాడు గనుక, ఆయన ఆ సంచీని మంచుముక్కల నడుమ పెట్టాడు. ప్రేమతో చేసిన పనియే. కాని ఆ పిల్లవానికి కావలసిన రక్షణలో చాలా భాగం దారిలోనే తరిగిపోయింది.

మన శాస్త్రగ్రంథాలు రక్తఫలకికలని, ఆసుపత్రులలో ప్లేట్‌లెట్లని వ్యవహరించే ఈ కణాలు ఎముకల మజ్జలో పుడతాయి. వీటికి కేంద్రకం లేదు. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక్కొక్క ఘనపు మిల్లీమీటరుకు సుమారు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఎనిమిది నుండి పది రోజులు జీవిస్తాయి. రక్తనాళం చిట్లిన చోట ఒకదానికొకటి అతుక్కొని గండి పూడుస్తాయి. కాన్సరు మందులు మజ్జను అణచినప్పుడు వీటి ఉత్పత్తి కుంటుపడుతుంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించినట్లు 1948లో ప్రకటించాడు. అయితే, ఫలకికలను ఎక్కించే పద్ధతి స్థిరపడేవరకు అటువంటి రోగులలో అనేకులు రక్తస్రావంతోనే మరణించేవారు.

దానం చేసిన రక్తాన్ని భాగాలుగా విడదీసినప్పుడు ఒక్కొక్క దాని మర్యాద వేరు. ఎర్రకణాలను 2 నుండి 6 డిగ్రీల చలిలో 35 లేక 42 రోజుల వరకు ఉంచవచ్చు. ప్లాస్మా గడ్డకట్టిన స్థితిలో ఏడాది నిలుస్తుంది. ఫలకికలు మాత్రం 20 నుండి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగుతూ ఉండే అరలలో ఉండాలి. ఊగకపోతే సంచీలోని కణాలకు ప్రాణవాయువు సరిగా అందక ఆమ్లం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత అంటే ఇదే. పలనాటి వేసవిలో ఈ ‘గది’ని సృష్టించడానికి కూడా శీతలయంత్రమే కావాలి!

ఒకప్పుడు వీటిని కూడా చలిలోనే దాచేవారు. స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డ్‌నర్ అనే వైద్యులు 1969లో ఒక సంగతి వెల్లడించారు: 4 డిగ్రీలలో ఉంచిన ఫలకికల కన్న 22 డిగ్రీలలో ఉంచినవి రోగి శరీరంలో చాలా ఎక్కువకాలం తిరుగుతున్నాయి. కారణం మాత్రం చాలాకాలం తరువాత గాని స్పష్టం కాలేదు. చలి సోకగానే పళ్లెంవంటి కణం గుండ్రనై, ముళ్లు మొలిచినట్లు మారుతుంది. దాని పైపొరలోని కొన్ని ప్రోటీన్లు గుంపులు కడతాయి. వాటి చివరనున్న ఒక రకపు చక్కెర ఊడిపోతుంది. ఈ మార్పులను కాలేయం గుర్తుపట్టి ఆ కణాలను రక్తప్రవాహం నుండి తొలగిస్తుంది.

వెచ్చదనానికి మూల్యమూ ఉన్నది. 22 డిగ్రీలలో సూక్ష్మజీవులు కూడా సుఖంగా పెరుగుతాయి. అందుచేతనే మన దేశంలో వీటి గడువు సాధారణంగా 5 రోజులు.

అయితే చలి సోకిన ఫలకిక పనికిమాలినది కాదు. ముళ్లు మొలిచిన ఆ కణం కత్తి దూసిన భటుని వంటిది. ఎక్కువకాలం బ్రతకదు గాని, గాయం దగ్గరకు చేరితే త్వరగా అతుక్కొంటుంది. ప్రమాదంలో రక్తం ధారగా పోతున్నవానికి కావలసినది ఆ క్షణంలో పడే అడ్డుకట్టయే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో, సాధారణ ఫలకికలు దొరకని లేదా వాడ వీలులేని సందర్భాలలో, రక్తస్రావం జరుగుతున్న రోగులకు చలిలో 14 రోజుల వరకు ఉంచిన వాటిని వాడవచ్చని మార్గదర్శకాలిచ్చింది. పట్టణాలకు దూరమైన మనవంటి ప్రాంతాల విషయంలోనూ ఇది ఆలోచింపదగిన మార్గమని నా అభిప్రాయం. మన బాలుని అవసరం వేరు. అతని మజ్జ కోలుకొనేవరకు కొన్ని రోజులపాటు కాపు కాయగల కణాలు అతనికి కావాలి.

కనుక ఆ మేనమామ సంచీని మంచు తగలని, ఎండ సోకని పెట్టెలో తీసుకొని రావలసింది. ఆసుపత్రివారు దానిని రిఫ్రిజిరేటరులో పెట్టక, వెంటనే ఎక్కించవలసింది.

వేసవి సెలవులలో కళాశాలలు మూసి ఉండడం వలన రక్తదాన శిబిరాలు తగ్గుతాయి. మీలో చాలామందికి రక్తదానానికి కావలసిన పద్దెనిమిదేళ్లు ఇంకా నిండలేదు. మీ అన్నలకు, అక్కలకు నిండి ఉండవచ్చు. మార్చి మొదట్లో వారిచ్చిన రక్తంలోని ప్లాస్మా మే చివరికీ పనికివస్తుంది. ఎర్రకణాలకు అప్పటికి గడువు తీరిపోతుంది. ఫలకికలు మార్చి రెండవ వారం చూడవు. మే నెలలో ఆ బాలునికి ఎక్కించవలసిన సంచీ, అంతకుముందు అయిదు రోజులలోపు ఎవరో ఒకరు చేయి చాచి ఇచ్చినదై ఉండాలి.