ఇంటికి ప్రెషర్ వాషర్ కొనాలా వద్దా? బెలుం గుహల పక్క ఊరి నుంచి వచ్చిన ప్రశ్న

"ఏడున్నర వేలకే వస్తాంది అన్నా. నూట ఎనభై బార్ అంట. తీసుకునేదా వద్దా?"

మా చిన్నాన్న కొడుకు కొలిమిగుండ్ల నుంచి పంపిన వాయిస్ మెసేజ్ ఇది. ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రోజూ అడిగేవాడు, ఈసారి ప్రెషర్ వాషర్ మీద పడ్డాడు. వాడి ఇల్లు బెలుం గుహలకు దగ్గర్లోనే. ఒక బైకు, ఒక ఎలక్ట్రిక్ స్కూటర్, చిన్నాన్న ట్రాక్టర్, ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన పెద్ద వాకిలి. వానాకాలం వస్తే నల్లరేగడి బురద, ఎండాకాలం వస్తే బండల గనుల నుంచి లేచే తెల్లటి దుమ్ము. ఇవన్నీ చూస్తే కొనేయమని వెంటనే చెప్పాలనిపిస్తుంది. నేను చెప్పలేదు. "ముందు ఎవరి దగ్గరైనా ఒక ఆదివారానికి అడిగి తెచ్చి వాడి చూడు" అన్నాను. సలహా మంచిదే, కానీ సగమే చెప్పాను. దాని ఫలితం కింద వస్తుంది.

ముందు ఆ నూట ఎనభై బార్ సంగతి చూద్దాం.

బార్ నంబర్‌ని గుడ్డిగా నమ్మొద్దు

ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ ఎలాగో, ప్రెషర్ వాషర్‌లో బార్ అలాగ. బాక్స్ మీద పెద్దగా కనిపించే నంబర్ అదే, అసలు పనితనం గురించి తక్కువ చెప్పేదీ అదే. ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ. బైక్ టైర్‌లో మనం గాలి కొట్టించేది 30 పీఎస్ఐ చుట్టుపక్కల, అంటే రెండు బార్. అక్కడి నుంచి 180 బార్ ఎంత దూరమో ఊహించండి.

నీళ్లను అంత ఒత్తిడితో తోయాలంటే మోటార్‌కు అంత శక్తి ఉండాలి కదా. దీన్ని చెక్ చేయడానికి ఒక చిన్న లెక్క ఉంది: బార్ నంబర్‌ని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి, 600తో భాగించండి. వచ్చేది కిలోవాట్లు. నీటి ధారలో ఉండాల్సిన శక్తి అది.

మావాడు పంపిన లింక్‌లో 180 బార్, నిమిషానికి 8 లీటర్లు, 1800 వాట్లు అని ఉంది. 180 × 8 ÷ 600 = 2.4 కిలోవాట్లు. కరెంటు నుంచి తీసుకునేదే 1.8 కిలోవాట్లయితే నీళ్లలోకి 2.4 ఎలా వస్తుంది? రాదు. మోటార్ వేడి, పంపు రాపిడి తీసేస్తే 1.8 కూడా పూర్తిగా నీళ్లకు చేరదు. అంటే ఆ మూడు నంబర్లలో కనీసం ఒకటి అబద్ధం, లేదా అవి మూడూ ఒకేసారి నిజం కావు.

ఇప్పుడు అదే లెక్క కార్చర్ కే2 మీద వేద్దాం: గరిష్ఠంగా 110 బార్, గంటకు 360 లీటర్లు, అంటే నిమిషానికి 6, మోటార్ 1400 వాట్లు. 110 × 6 ÷ 600 = 1.1 కిలోవాట్లు. లెక్క కుదిరింది. అయినా 110 అనేది గరిష్ఠమే. పని చేసేటప్పుడు వచ్చే ఒత్తిడి, అంటే వర్కింగ్ ప్రెషర్ లేదా రేటెడ్ ప్రెషర్, దానికన్నా తక్కువ ఉంటుంది. స్పెసిఫికేషన్ షీట్‌లో ఆ నంబర్ వెతకండి. దాన్ని అసలు రాయని మెషీన్‌ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

కార్చర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఇళ్లకు చేతిలో పట్టుకెళ్లే ప్రెషర్ వాషర్‌ని ఆ జర్మన్ కంపెనీ 1984లో తెచ్చింది. అంటే ఈ గ్యాడ్జెట్‌ వయసు నలభై దాటింది. కొత్త టెక్నాలజీ అన్నట్టు చేసే ప్రచారానికి తొందరపడాల్సిన పనేం లేదు.

ముందు మీ కుళాయిని టెస్ట్ చేయండి

మెషీన్ నిమిషానికి 6 లీటర్లు అడుగుతుంటే కుళాయి 4 ఇస్తే ఏమవుతుంది? పంపు గాలి పీలుస్తుంది, ధార కొట్టుకుంటూ వస్తుంది, సీల్స్ పాడవుతాయి. ఒక అంతస్తు ఇంటి మీద ట్యాంకు ఉంటే కుళాయి దగ్గర ఉండే ఒత్తిడి అర బార్ కూడా ఉండదు. అందుకే ఆర్డర్ పెట్టే ముందు 15 లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. రెండు నిమిషాల్లోపు నిండితే చిన్న మెషీన్‌కు సరిపోతుంది. నిండకపోతే డ్రమ్ములోంచి తానే నీళ్లు లాగే సెల్ఫ్ సక్షన్ ఉన్న మోడల్ కావాలి. దాని పైపును ముందే నీళ్లతో నింపి పెట్టాలి, లేకపోతే గాలి అడ్డుపడి మొరాయిస్తుంది.

నీళ్లు ఆదా అవుతాయంటారు. అది దేనితో పోలుస్తున్నామన్న దాని మీద ఉంటుంది. మామూలు పైపు నిమిషానికి 15 లీటర్లు పోస్తుందనుకుంటే పది నిమిషాల్లో 150 లీటర్లు. వాషర్‌తో ఎనిమిది నిమిషాలు అంటే 48. ఆదానే. కానీ మా చిన్నమ్మ ఇంట్లో బైకు కడిగేది పైపుతో కాదు, రెండు బకెట్లు, ఒక పాత బనియన్. అంటే 30 లీటర్లు. దానితో పోలిస్తే వాషర్ ఎక్కువే తాగుతుంది. ట్యాంకర్ తెప్పించుకునే నెలల్లో ఇది చిన్న విషయం కాదు.

బెలుం నేర్పే కెమిస్ట్రీ

బెలుం గుహలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, లోపల గోడలు ఎవరో చెక్కి నునుపు చేసినట్టు ఉంటాయి. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగేది సుమారు కిలోమీటరున్నర. అదంతా సున్నపురాయి. వాన నీళ్లు గాల్లో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, ఆ రాయిని లక్షల ఏళ్లలో కరిగించుకుంటూ పోయాయి. కరిగిన సున్నం మళ్లీ బయటపడ్డ చోట పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు తయారయ్యాయి.

ఈ పాఠం మన మెషీన్‌కు రెండు చోట్ల పనికొస్తుంది.

మొదటిది నీళ్లు. సున్నపురాయి నేలలో బోరు వేస్తే వచ్చేవి గట్టి నీళ్లు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే సున్నం. వాడిన తర్వాత వాషర్‌ని అలాగే మూలన పెడితే నాజిల్ రంధ్రంలో, వాల్వుల్లో మిగిలిన నీళ్లు ఆరిపోయి అదే పొర కడుతుంది. నాజిల్ రంధ్రం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండేది కాబట్టి కొంచెం పేరుకున్నా ధార వంకర పోతుంది. పని అయ్యాక కుళాయి కట్టేసి, పైపు తీసి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని కొన్ని సెకన్లు మాత్రమే మోటార్ తిప్పండి, లోపలి నీళ్లు బయటికి వచ్చేస్తాయి. నీళ్లు వచ్చే చోట ఉండే జాలీ ఫిల్టర్‌ని నెలకోసారి కడగండి. బండిని కూడా ఎండలో ఆరనివ్వకుండా గుడ్డతో తుడవాలి, లేదంటే నల్ల పెయింట్ మీద తెల్ల చుక్కలు ఖాయం.

రెండోది రాయి. నంద్యాల జిల్లాలో చాలా ఇళ్ల కింద ఉండే నాపరాయి కూడా సున్నపురాయే. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే గనిలో పలకలుగా లేస్తుంది. ఆ గుణమే ఇక్కడ ఇబ్బంది. పొర అంచు దొరికితే నీటి ధార దాన్ని లేపుతుంది.

నేను మావాడికి చెప్పకుండా వదిలేసిన సగం ఇదే. వాడు స్నేహితుడి మెషీన్ తెచ్చి, ఎర్ర నాజిల్ బిగించి వాకిలి మీద మొదలుపెట్టాడు. ఎరుపు అంటే సున్నా డిగ్రీలు, సూది లాంటి ధార. మరకలు పోతుంటే సంబరపడి ముందుకు పోయాడు. ఆరిన తర్వాత చూస్తే బండల మీద ముగ్గు గీసినట్టు తెల్లటి వంకర గీతలు, రెండు చోట్ల బండల మధ్య సిమెంటు లేచిపోయింది. చిన్నమ్మ ఫోన్ నాకు వచ్చింది, వాడికి కాదు.

రంగులు ఒకసారి గుర్తుపెట్టుకోండి: ఎరుపు సున్నా, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు, నలుపు సబ్బు నీళ్లకు. ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి ఆకుపచ్చ నాజిల్ దాదాపు 13 సెంటీమీటర్ల వెడల్పున కొడుతుంది, తెలుపు 22. అదే శక్తి అంత వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి రాయి బతుకుతుంది. నాపరాళ్లకు తెలుపుతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఆకుపచ్చ. ఇంట్లో ఎర్ర నాజిల్‌తో చేయాల్సిన పని నాకైతే ఒక్కటీ కనిపించదు. పొరపాటున చేతికో కాలికో తగిలితే నీళ్లు చర్మం లోపలికి పోతాయి. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. మరక పోవట్లేదని బాత్రూమ్ యాసిడ్ పోస్తారు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగుతుంది, అది మురికి పోవడం కాదు, రాయి కరగడం. గుహకు లక్షల ఏళ్లు పట్టిన పని మీ వాకిలిలో అయిదు నిమిషాల్లో మొదలవుతుంది, పాలిష్ పోతుంది. గ్రానైట్ అయితే కథ వేరు, అది గట్టి రాయి. కానీ ఆళ్లగడ్డలో చెక్కించి తెచ్చుకున్న విగ్రహం మీద మాత్రం ఏ నాజిల్లూ పెట్టకండి. సన్నటి చెక్కుడు పనికి మెత్తటి బ్రష్షే.

ఎలక్ట్రిక్ స్కూటర్, ఐపీ రేటింగ్

"స్కూటర్ బ్యాటరీ ఐపీ67 అన్నా, ఏం కాదు" అన్నాడు. ఐపీ67లో ఏడు అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూసిన పరీక్ష. కదలని నీళ్లు. ధారతో చేసే ఐపీఎక్స్5 పరీక్షలో కూడా రెండున్నర, మూడు మీటర్ల దూరం నుంచి నిమిషానికి 12.5 లీటర్లు కొడతారు, దాని ఒత్తిడి 0.3 బార్ దగ్గర. దగ్గర నుంచి 80-100 బార్‌తో కొట్టి చూసే పరీక్ష ఒక్కటే, అది చివరన 9 ఉన్న రేటింగ్. మీ ఫోనుకున్న ఐపీ68 కూడా దీనికి హామీ కాదు. పైగా రేటింగ్ బ్యాటరీ డబ్బాకు ఉంటుంది, డిస్‌ప్లేకో స్విచ్‌లకో ఛార్జింగ్ పోర్టుకో అదే ఉంటుందని అనుకోవద్దు. స్కూటర్‌కు బకెట్, గుడ్డ చాలు. బురద పట్టిన మడ్‌గార్డ్ లోపలి వైపు వరకు వాషర్ వాడుకోవచ్చు, దూరం నుంచి.

పెట్రోల్ బైకుకు కూడా చైన్, వీల్ బేరింగులు, సైలెన్సర్ గొట్టం వైపు ధార పెట్టొద్దు. టైరు పక్క గోడకు ముప్పై సెంటీమీటర్లు దూరం. ఏసీ బయటి యూనిట్ రెక్కలు వంగిపోతాయి. మిద్దె మీద సోలార్ ప్యానెళ్లకు అసలే వద్దు.

కరెంటు, డబ్బులు

1400 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు దాటుతుంది. టీవీ పెట్టే చిన్న ప్లగ్గు కాదు, 16 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్, వీలైతే ఆర్‌సీసీబీ ఉండాలి. తడి నేల మీద నిలబడి వాడే మెషీన్ ఇది. అరగంటకు 0.7 యూనిట్, బిల్లు గురించి భయం లేదు. ఇండక్షన్ మోటార్ శబ్దం తక్కువ, మన్నిక ఎక్కువ, బరువూ ఎక్కువ. కానీ వోల్టేజ్ పడిపోయే ఊళ్లలో ఒక చిక్కుంది: వోల్టేజ్ తగ్గితే దాని తిప్పే బలం ఇంకా వేగంగా తగ్గుతుంది, స్టార్ట్ కాక వేడెక్కుతుంది. సాయంత్రం లైట్లు మసకగా వెలిగే ఇంట్లో పొద్దున పూట వాడుకోవడం మంచిది.

డబ్బు లెక్క మీ నంబర్లతో మీరే వేసుకోండి. ఉదాహరణకు వాటర్ సర్వీసింగ్‌లో బైకుకు వంద, నెలకు రెండుసార్లు అనుకుందాం. ఏడున్నర వేలు తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. ఒక్క బైకు ఉన్న కుర్రాడికి నా జవాబు స్పష్టం: వద్దు, ఆ డబ్బుతో మంచి ఇయర్‌బడ్స్ కొనుక్కో. కారు కూడా ఉండి నెలకు ఆరు వందలు ఖర్చయ్యే ఇంట్లో ఏడాది పైచిలుకులో సరిపోతుంది. ట్రాక్టర్ ఉన్న ఇల్లయితే లెక్క కూడా అక్కర్లేదు. ఎండి గట్టిపడిన నల్లరేగడిని చక్రాల సందుల్లోంచి, నాగలి కర్రుల మీంచి తీయడానికి ఇంతకంటే మంచి పనిముట్టు నేను చూడలేదు. అదే ఆదివారం వాడు ట్రాక్టర్ మీద కూడా వాడాడు, చిన్నాన్న గంట పని ఇరవై నిమిషాల్లో అయిపోయిందట.

చివరికి 180 బార్ లింక్ వదిలేసి, లెక్క కుదిరిన 110 బార్ మెషీన్ ఒకటి తీసుకున్నాడు. వాకిలి కడిగే పని మళ్లీ చీపురుకే వెళ్లింది. కొత్త బాక్స్‌లో వచ్చిన ఎర్ర నాజిల్‌ని చిన్నమ్మ తీసుకుని వంటింట్లో పోపుల డబ్బా వెనక దాచిందట, ఇంతవరకూ ఇవ్వలేదు.