పక్కన ఇంకో దారి ఉందా?

బంగారూ,

వద్దు, సైకిల్ అమ్మకు. తూలూజ్ నుంచి బయటపడాలంటే కాలువ గట్టు ఒక్కటే దిక్కని నీ స్నేహితులు చెప్పిన మాట నిజం కాదు. పోయిన శనివారం నువ్వు భయపడి సగంలో వెనక్కి వచ్చేశావంటే లోపం నీ కాళ్లలో లేదు, ధైర్యంలోనూ లేదు. ఫోను దగ్గరి దారి చూపించింది, నువ్వు సైకిల్‌ను తీసుకెళ్లి డి813 మీద పెట్టావు. ‘డి అంటే జిల్లా రోడ్డు, చిన్నదే కదా పెద్దమ్మా’ అని రాశావు. అది ఒకప్పుడు 113వ నంబరు జాతీయ రహదారమ్మా. 2006 ప్రాంతంలో ప్రభుత్వం జాతీయ రహదారుల్లో చాలా భాగాన్ని జిల్లాలకు అప్పజెప్పింది. నంబరు ముందున్న ఎన్ పోయి డి వచ్చింది గానీ, లారీలు ఎక్కడికీ పోలేదు. మీ వైపు డి813, డి817, డి820, డి888 అన్నీ అలా పేరు మారినవే. వాటిని అడ్డంగా దాటడానికి తప్ప తొక్కడానికి ఎంచుకోకు.

మరి ఏ రోడ్డు ఎంచుకోవాలి? నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల నుంచీ పట్టుకున్న సూత్రం ఒక్కటే. పటంలో ఒక గీత కనబడగానే, ఈ దారిన ఎవరు వెళ్తారు, ఏం పని మీద వెళ్తారు అని అడుగు. జవాబు దొరికాక, వాళ్లకు పక్కన ఇంతకన్నా సుఖమైన దారి ఇంకోటి ఉందా అని చూడు. ఉంటే ఇది నీది. సైకిలుకు నిశ్శబ్దమైన రోడ్డంటే అడవిలో ఉన్న రోడ్డు అనుకుంటారు చాలామంది. కొండల్లో అటూ ఇటూ దాటడానికి ఒకే ఒక్క కనుమ ఉంటే, ఎంత అడవి అయినా బళ్లన్నీ దాని మీదే. ఊళ్ల మధ్య ఉన్నా సరే, పక్కన ఇంకో దారి బరువంతా మోస్తుంటే ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది.

నువ్వు వెళ్లిన ఎర్స్ లోయనే తీసుకో. ఆ సన్నని లోయలో కాలువ ఉంది, నార్బోన్ వైపు వెళ్లే రైలు ఉంది, డి813 ఉంది, ఏ61 ఆటోరూట్ ఉంది. దూరం వెళ్లేవాళ్లు టోలు కట్టి ఆటోరూట్ ఎక్కుతారు. టోలు ఇష్టం లేనివాళ్లూ ఊరూరా పని ఉన్నవాళ్లూ డి813 ఎక్కుతారు. లోయ అందరి బరువూ మోసేస్తోంది. ఇప్పుడు తల ఎత్తి రెండు పక్కలా గుట్టల మీదికి చూడు. ఆ లోరాగే సీమలో పాత ఊళ్లు చాలా వరకు గుట్టల వెన్నుమీదే ఉంటాయి. ఊరి నుంచి ఊరికి అదే వెన్ను వెంబడి సన్నని తారు రోడ్డు వెళ్తుంది. తూలూజ్‌లో పని ఉన్నవాడెవడూ ఆ మెలికలు తిరిగి రాడు. రైతు వస్తాడు, పోస్టుబండి వస్తుంది, నువ్వు వెళ్తావు. అలాంటి గుట్టమీది ఊరు సేం-ఫెలిక్స్ చేరాక ఒక పక్క నల్లకొండ, ఇంకో పక్క ఆకాశం తేటగా ఉంటే పిరనీస్ మంచు కనిపిస్తాయి. లోయలో లారీ వెనక తొక్కినవాళ్లకు ఇవేవీ దక్కవు.

ఇన్ని రోడ్లు ఎందుకున్నాయో తెలిస్తే నీ భయం సగం పోతుంది, అందుకని కాస్త ఓపిక పట్టి విను. ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు దాదాపు 11 లక్షల కిలోమీటర్లు. అందులో ఆటోరూట్లూ జాతీయ రహదారులూ కలిపితే 20 వేల చిల్లర. జిల్లా రోడ్లు 3 లక్షల 80 వేల దాకా ఉంటాయి. మిగిలిన 7 లక్షల కిలోమీటర్లూ ఊళ్ల చేతిలో ఉన్నవే. మన పంచాయతీ లాంటి కమ్యూన్లు అక్కడ ఇప్పటికీ 35 వేలకు దగ్గరగా ఉన్నాయి, పొరుగూరికి వెళ్లే రోడ్డు ప్రతిదానికీ ఉంది. 1836 మే 21న ఒక చట్టం చేశారు. ఊరి దారుల్ని బాగు చేసుకునే భారం కమ్యూన్ల మీద పెట్టిన చట్టం అది. డబ్బు లేనివాళ్లు ఏడాదికి కొన్ని రోజులు ఒళ్లు వంచి పనైనా చెయ్యాలి. ఆ కాలంలో పల్లెలు జనంతో నిండుగా ఉండేవి. ప్రతి పొలానికీ, ప్రతి మరకూ బండి వెళ్లేలా దారులు వేశారు. తరవాత జనం పట్నాలకు వెళ్లిపోయారు. దారులు మాత్రం ఉన్నాయి, తారు కూడా వేశారు. ఎడ్లబళ్ల లెక్కన వేసిన దారుల్లో గంటకు నాలుగు కార్లు. నిజంగా నీ కోసమే ఉన్నట్టుంటాయి ఆ రోడ్లు. వాటిని వదిలేసి గట్టు మీదే అటూ ఇటూ తిరుగుతానంటే నాకు బాధగా ఉంది.

కాలువను తక్కువ చెయ్యడం లేదు. పియెర్-పోల్ రికే 1666లో మొదలుపెట్టించిన కాలువ అది, 1681కి పూర్తయింది. తూలూజ్ నుంచి మధ్యధరా దాకా 240 కిలోమీటర్లు. నోరూజ్ మెరక దగ్గర ఆగి చూడు. నల్లకొండ నీళ్లను అక్కడికి తెచ్చి, ఒక పక్క అట్లాంటిక్ వైపూ ఇంకో పక్క మధ్యధరా వైపూ పంపిన మేధ అతనిది. తూలూజ్ నుంచి మీ జిల్లా సరిహద్దు దాకా గట్టు మీద తారు బాగుంటుంది, ఆ తర్వాత బాట తీరు మారుతూ పోతుంది. అయితే ఆదివారం మధ్యాహ్నం అక్కడ పిల్లలూ కుక్కలూ నడిచేవాళ్లూ కలిసి డి813 కన్నా ఎక్కువ జాగ్రత్త కోరతారు. కాలువ పట్నం దాటడానికి పనికొస్తుంది. దాటాక గుట్ట ఎక్కు.

ఫోను పక్కన పెట్టి కాగితం పటం కొనుక్కో. మిషెలిన్ వాళ్లది, 1:150000 స్కేలుది దొరికితే మంచిది. ఎర్ర గీతలు నీవి కావు. పసుపు గీతలు తప్పనప్పుడే. తెల్ల గీతలు నీ రాజ్యం. అంచున ఆకుపచ్చ గీత ఉంటే చూడ చక్కని దారి అని అర్థం. రోడ్డుకు అడ్డంగా చిన్న బాణపు మొనలు ఉంటాయి. అవి ఎక్కే వైపు చూపిస్తాయి. ఒకటుంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13 పైన. మూడున్న చోట దిగి నడిచినా పరవాలేదు, ఎవరూ చూడరు. తెల్ల గీతల్లోనూ పసుపు గీతకు పక్కనే సమాంతరంగా పోయేదాన్ని పట్టుకో. రెండు పట్నాల మధ్య ఉన్న ఒకే ఒక్క తెల్ల గీతను నమ్మకు, పొద్దున్నే ఆఫీసుకెళ్లేవాళ్లు దాన్ని కనిపెట్టేసి ఉంటారు. రోడ్డు మీద పసుపు పలక డి రోడ్డుది, తెల్ల పలక మీద సి ఉంటే కమ్యూన్ రోడ్డు. సీఆర్ అని ఉంటే అది మట్టిబాట కావచ్చు, నీ సన్న టైర్లకు వద్దు.

రోడ్డుతో పాటు వేళ కూడా ఎంచుకోవాలి. పన్నెండు నుంచి రెండు దాకా ఫ్రెంచి పల్లె భోజనానికి కూర్చుంటుంది. ఆ రెండు గంటలూ పసుపు గీత కూడా తెల్ల గీత అయిపోతుంది. కావాలంటే ఒక పెద్ద రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు అప్పుడే లాగించెయ్యి. కానీ కొట్లూ అప్పుడే మూసేస్తారు, కాబట్టి రొట్టె పన్నెండులోపు కొనుక్కో. సోమవారమైతే ఇంటి నుంచే పట్టుకెళ్లు. కాస్తెల్నొదారిలో కసులే అని చిక్కుడు గింజల కూర పెడతారు, చూసి ఆశపడకు, పంది మాంసం, బాతు మాంసం వేసి వండేది అది. శాకాహారంతో దూరాలు తొక్కలేమేమో అన్నావు. సాంతెత్యెన్‌లో ఉండి ‘వెలోసియో’ పేరుతో రాసిన పోల్ ద వివీ (1853–1930) శాకాహారే. ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్ర ఎలా చెయ్యాలో ఒక తరానికి నేర్పినవాడాయన. ఆకలి వెయ్యకముందే తిను, దాహం వెయ్యకముందే తాగు అన్నదే ఆయన గట్టిగా చెప్పిన సంగతి. నీ పులిహోర డబ్బాకు ఏ లోటూ లేదు. నీళ్లకు ఊరి శ్మశానం గేటు దగ్గర చూడు, పూలకు పోసే కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్లని పలక పెడితే మాత్రం ముట్టుకోకు.

గాలి సంగతి నువ్వు అడగలేదు గానీ గుట్టల మీద అదే అసలు బరువు. ఊరికే కట్టలేదు అక్కడ గాలిమరలు. ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి వీచే రోజున తూలూజ్ నుంచి బయల్దేరితే అది నీ ముఖం మీదే కొడుతుంది. ఆ రోజు సైకిల్‌తో సహా రైలెక్కి కాస్తెల్నొదారిలో దిగు, సేం-ఫెలిక్స్ మీదుగా గాలి వీపున తోస్తుంటే ఇంటికి రా. పడమటి గాలి రోజున తూలూజ్ నుంచి తొక్కి, వచ్చేటప్పుడు రైలెక్కు.

ఇక తిట్టాల్సినది ఉంది. చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కుతున్నానని రాశావే, ఒళ్లు మండింది. 2015 నుంచీ అది నేరం, 135 యూరోల జరిమానా. జరిమానా సంగతి వదిలెయ్. ఖాళీ రోడ్డు మీద వెనక వచ్చే బండిని నీకు ముందు చెప్పేది చెవే. తీసెయ్.

ఇంకోటి, ఇది మన దేశం నుంచి వెళ్లినవాళ్లకే ఉన్న ప్రమాదం. పట్నంలో నలుగురితో కలిసి నువ్వు కుడి పక్కనే ఉంటావు. పల్లెలో ఫొటో కోసం ఆగి, చుట్టూ ఒక్క బండీ లేనప్పుడు మళ్లీ ఎక్కితే కాళ్లు వాటంతటవే ఎడమ పక్కకు పోతాయి. ఆగిన ప్రతిసారీ ‘కుడి’ అని పైకి అనుకుని ఎక్కు. ఊళ్లలో ఏ పలకా లేని కూడలిలో కుడి సందులోంచి వచ్చేవాడిదే ముందు హక్కు, అది ట్రాక్టరైనా సరే. పసుపు డైమండు పలక ఉంటే నువ్వున్న రోడ్డుదే హక్కు, దాని మీద నల్ల గీత కొట్టి ఉంటే హక్కు అయిపోయిందని గుర్తు. ఊరి బయట నిన్ను దాటే కారు మీటరున్నర దూరం వదలాలి, అందుకని బెదిరి గడ్డి అంచుకు ఒదిగిపోకు. మరీ అంచున ఉంటేనే వాళ్లు ఇరికించి దాటుతారు. వేసవిలో ‘గ్రావియోఁ’ అని పలక కనిపిస్తే కొత్తగా కంకర చల్లారని అర్థం, మలుపులో బ్రేకు నొక్కకు.

పంక్చరు వెయ్యడం మీ నాన్న నేర్పాడు కదా, దాని గురించి రాయను. పటం కొన్నాక వచ్చే ఆదివారం దారి పెన్సిల్‌తో గీసి గురువారంలోపు నాకు ఫొటో పంపు. డి813ని ఎక్కడ దాటుతావో అక్కడ సున్నా చుట్టు. సైకిలుకు గంట బిగించావో లేదో కూడా రాయి, అది లేకపోయినా జరిమానా వేస్తారు.

మీ పెద్దమ్మ