కొండవీడు కోట

పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో కొండవీడు ఉంది. అక్కడి కొండల మీద పెద్ద కోట ఉంది. రెడ్డిరాజులు మొదట అద్దంకి నుంచి పాలించారు. తర్వాత కొండవీడును రాజధాని చేసుకున్నారు.

శత్రువు రాకుండా కొండల మీద గోడలు, బురుజులు కట్టారు. కాపలావాళ్లు బురుజు ఎక్కి దూరం చూసేవారు.

మరి కొండ మీద నీళ్లెట్లా? అక్కడ మూడు చెరువులున్నాయి. పుట్టలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. వాటిలో వాననీరు నిలుస్తుంది. గోడ ఎంత గట్టిదైనా, నీళ్లు లేని కోట నిలవదు.

కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు చేసేవాడు. పన్నీరు, కర్పూరం చల్లుకునేవారు. అందుకే ఆయన్ను కర్పూర వసంతరాయలు అన్నారు. అవచి తిప్పయసెట్టి ఆ సుగంధాలను ఓడల మీద తెప్పించేవాడు.

1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను గెలిచాడు.

ఇంగ్లండులోనూ పాత కోటలున్నాయి. చుట్టూ పూలతోటలు పెంచుతారు. జనం టిక్కెట్టు కొని చూస్తారు. ఆ డబ్బు కోటల బాగుకు పనికొస్తుంది.

మన దగ్గర కొందరు నిధి కోసం పాత కోటలు తవ్వుతారు.

"నిధి దొరికితే అప్పు తీరుద్ది కదమ్మాయ్" అంది ఒక అత్త.

"చెరువుగట్టు తవ్వితే ఉన్న నీళ్లు పోతాయి అత్తయ్యా. నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. 1878 నాటి చట్టం అది. చెప్పకపోతే జైలు" అంది కోడలు.

అత్త ఆలోచనలో పడింది.

చెప్పండి: కొండ మీది చెరువుల పేర్లేమిటి?

రాయండి: మీ ఊళ్లో పాత బురుజు, బావి, రాతి శాసనం ఉన్నాయా? వాటిని ఎవరు కాపాడాలి?