హెల్త్‌కేర్ అనలిస్టు ఉద్యోగం, గ్రీన్ కార్డు స్పాన్సర్‌షిప్: మాట ఎక్కడిదాకా, హక్కు ఎక్కడి నుంచి

అమెరికాలో ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు రావాలంటే, కొద్ది మినహాయింపులు పోను, దరఖాస్తు మొదలుపెట్టాల్సింది ఉద్యోగి కాదు, యజమాని. ఆసుపత్రి అయినా, ఇన్సూరెన్సు కంపెనీ అయినా తమ దగ్గర ఫలానా శాశ్వత ఉద్యోగం ఉందని, దానికి ఫలానా మనిషి కావాలని ప్రభుత్వానికి చెప్పుకోవాలి. అలా చెప్పి తీరాలని ఏ చట్టమూ యజమానిని నిర్బంధించదు. మధ్యలో విరమించుకునే స్వేచ్ఛ కూడా వారికుంది. అందుకే ఇంటర్వ్యూలో "గ్రీన్ కార్డు చేస్తాం" అన్న మాట దానంతట అది హక్కు కాదు. అయితే ప్రక్రియ ముందుకు సాగే కొద్దీ ఉద్యోగి చేతికి కొన్ని హక్కులు వస్తాయి. అవి ఎప్పుడు, ఎలా వస్తాయో తెలియకుండా ఉద్యోగం వెతికితే డబ్బే కాదు, తిరిగి రాని ఏళ్లు పోతాయి.

హెల్త్‌కేర్ అనలిస్టు రోగులను చూడడు. ఆసుపత్రి రికార్డులు, ఇన్సూరెన్సు క్లెయిములు, మెడికేర్ చెల్లింపుల డేటాను ఎస్‌క్యూఎల్, శాస్, టాబ్లో వంటి సాధనాలతో పరిశీలిస్తాడు. డిశ్చార్జి అయిన రోగులు నెల తిరక్కుండానే ఎందుకు మళ్లీ చేరుతున్నారు, ఏ క్లెయిములు ఎందుకు తిరిగొస్తున్నాయి వంటివి తేలుస్తాడు. బీఫార్మసీ, ఫార్మ్‌డీ, బీడీఎస్ చదివి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్‌కు వెళ్లిన తెలుగు విద్యార్థులు ఇటువైపు మొగ్గడం సహజం. వారిలో చాలామందికి ఒక అపోహ ఉంటుంది. వైద్యరంగం కాబట్టి గ్రీన్ కార్డు తేలికనుకుంటారు. స్థానికుల కోసం ప్రకటనలిచ్చి వెతికే పరీక్ష నుంచి అమెరికా కార్మిక శాఖ "షెడ్యూల్ ఏ" కింద మినహాయించింది నర్సులను, ఫిజికల్ థెరపిస్టులను. అనలిస్టులు ఆ జాబితాలో లేరు. వాళ్లు పనిచేసేది ఆసుపత్రిలోనే అయినా, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నడిచే దారిలోనే నడవాలి.

ఆ దారిలో మొదటి ఘట్టం పెర్మ్. 2005 మార్చి 28 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో యజమాని ముందుగా ఆ ఊళ్లో ఆ ఉద్యోగానికి నడుస్తున్న వేతనమెంతో కార్మిక శాఖతో తేల్చించుకోవాలి. ఆ తర్వాత రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, రాష్ట్ర ఉపాధి సంస్థలో 30 రోజులు ఉద్యోగాన్ని నమోదు చేయాలి, వృత్తి ఉద్యోగాలకైతే మరో మూడు మార్గాల్లోనూ వెతకాలి. పనిచేసే చోట 10 పనిదినాల పాటు నోటీసు అంటించడం తప్పనిసరి. ఆసుపత్రి ఉద్యోగుల గదిలో, కాఫీ మెషిన్ పక్క బోర్డు మీద కనిపించే ఆ కాగితంలో ఉద్యోగం వివరం, జీతం, అభ్యంతరాలు పంపాల్సిన అధికారి చిరునామా ఉంటాయి. తన పేరు లేకపోయినా అది తన ఉద్యోగమేనని అనలిస్టు జీతాన్ని బట్టి పోల్చుకోవచ్చు. స్పాన్సర్‌షిప్ నిజంగా మొదలైందనడానికి కళ్లకు కనిపించే తొలి సాక్ష్యాల్లో అదొకటి. అర్హత, సుముఖత ఉన్న అమెరికన్ ఎవరూ దొరకలేదని తేలితేనే పెర్మ్ ఆమోదం వస్తుంది. వేతన నిర్ధారణ నుంచి ఆమోదం దాకా ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు పడుతోంది.

ఈ వెతుకులాట నామమాత్రంగా జరగకూడదు. పెర్మ్ ఉద్యోగాలకు అమెరికన్లు దరఖాస్తు చేయకుండా నిరుత్సాహపరిచారన్న ఆరోపణల మీద 2021లో ఫేస్‌బుక్, 2023లో యాపిల్ అమెరికా న్యాయ శాఖతో కోట్ల డాలర్ల ఒప్పందాలకు రావాల్సి వచ్చింది. పెర్మ్ దాఖలుకు ముందు ఆరు నెలల్లోపు అదే ప్రాంతంలో, అదే తరహా పనిలో ఉన్నవారిని తొలగించి ఉంటే, యజమాని ముందు వారికి కబురు చేసి వారిని పరిశీలించాలి. అందుకే తొలగింపులు జరుగుతున్న సంస్థలో పెర్మ్ ఆగిపోవడం సాధారణం. ఆసుపత్రుల గొలుసు సంస్థ ఎంత పెద్దదైనా, చేరేముందు ఆ సంస్థ ఈ ఏడాది ఎవరినైనా తీసేసిందా అని వాకబు చేయడం మేలు.

చదువు, అనుభవం దగ్గర తెలుగు అభ్యర్థులు ఎక్కువగా చిక్కుకునే చోట్లు రెండున్నాయి. ఉన్నత విద్యార్హతల వారికి కేటాయించిన ఈబీ-2 అనే గ్రీన్ కార్డు విభాగానికి మాస్టర్స్ గానీ, బ్యాచిలర్స్‌తో పాటు 5 ఏళ్ల క్రమాభివృద్ధి గల అనుభవం గానీ ఉండాలి. ఆ బ్యాచిలర్స్ మన మూడేళ్ల బీఎస్సీ, బీకాం అయితే అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా ఒప్పుకోవడం కష్టం. నాలుగేళ్ల బీఫార్మసీకి ఆ చిక్కు లేదు. రెండోది, చేరాక సంపాదించిన అనుభవం. ఒకే ఆసుపత్రిలో నాలుగేళ్లు అనలిస్టుగా చేసి, ఆ నాలుగేళ్లనే అర్హతగా చూపిస్తామంటే సాధారణంగా కుదరదు. ఉద్యోగంలో చేరే రోజుకే ఉన్న అర్హతలే లెక్క. కొత్త ఉద్యోగం పాతదానికి సగానికి పైగా భిన్నమైతే మినహాయింపు దొరకవచ్చు. లేని అనుభవాన్ని కాగితం మీద సృష్టించే కన్సల్టెన్సీలు మన మధ్యే ఉన్నాయి. ఆ కాగితం బయటపడితే పోయేది ఈ దరఖాస్తు ఒక్కటే కాదు. మోసం చేశాడన్న ముద్ర పడితే అమెరికాలో అడుగుపెట్టే అర్హతే శాశ్వతంగా పోవచ్చు.

ఉద్యోగం పేరు కంటే దాని వృత్తి కోడ్ ముఖ్యం. "హెల్త్‌కేర్ అనలిస్టు" అనే ఒకే పేరు కింద ఒక చోట మేనేజ్‌మెంట్ అనలిస్టు, ఇంకో చోట డేటా సైంటిస్టు, మరో చోట మెడికల్ రికార్డుల నిపుణుడి కోడ్ పెడతారు. ఈ చివరిది బ్యాచిలర్ డిగ్రీ లేకుండానూ చేయదగ్గ పనిగా పరిగణనకు వస్తుంది కాబట్టి హెచ్-1బి అనే తాత్కాలిక పని వీసా దగ్గరే అడ్డంకి ఎదురుకావచ్చు. కోడ్ మారితే చెల్లించాల్సిన కనీస వేతనమూ మారుతుంది. ఏ కోడ్ పెడుతున్నారని ఆఫర్ ఒప్పుకునే ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక స్పాన్సర్ చేసే సంస్థలను కనిపెట్టడం. దీనికి దళారి అవసరం లేదు. పెర్మ్ దరఖాస్తుల వివరాలను, హెచ్-1బికి ముందు వేసే ఎల్‌సీఏల (వేతన హామీ పత్రాల) వివరాలను కార్మిక శాఖే తన వెబ్‌సైట్‌లో ఎక్సెల్ ఫైళ్లుగా ఉచితంగా పెడుతుంది. ఒక్కో వరసలో సంస్థ పేరు, ఉద్యోగం పేరు, వృత్తి కోడ్, పని చేసే ఊరు, జీతం, ఫలితం ఉంటాయి. ఉద్యోగం పేరు గడిలో హెల్త్, క్లినికల్, అనలిస్టు అన్న మాటలతో వడపోస్తే నిజంగా ఈ ఉద్యోగాలకు పెర్మ్ వేస్తున్నవారెవరో తేలిపోతుంది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూడడం ఇంకా మంచిది. ఎల్‌సీఏలు వందల్లో ఉండి పెర్మ్‌లు ఏటా ఒకటో రెండో ఉన్న సంస్థ మనుషులను పనికి వాడుకుంటోంది గానీ నిలుపుకోవడం లేదని అర్థం. ఏ ప్రకటన చెప్పినదానికన్నా ఈ లెక్క నమ్మదగ్గది.

ఈ రంగానికి ఉన్న అసలైన సౌలభ్యం ఇంకొకటుంది. హెచ్-1బి లాటరీ పరిమితి ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ వారికి అదనంగా 20,000. విశ్వవిద్యాలయాలకు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని బోధనాసుపత్రులకు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలకు ఈ పరిమితి వర్తించదు. వారు ఏ నెలలోనైనా దరఖాస్తు వేయవచ్చు. లాటరీ తగలని అనలిస్టుకు ఇది పెద్ద ఊరట. కాకపోతే అక్కడి నుంచి తర్వాత ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీకి మారాలంటే మళ్లీ లాటరీలో నిలబడాలి. అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా వేసే హెచ్-1బి పిటిషన్లకు 2025 సెప్టెంబరు 21 నుంచి లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టారు. దానితో హైదరాబాదు నుంచి నేరుగా అనలిస్టుగా తీసుకునే యజమానులు దొరకడం బాగా కష్టమైంది. అక్కడే చదివి ఓపీటీ (చదువు తర్వాతి పని అనుమతి) మీద ఉన్నవారికే దారి కొంత తెరిచి ఉంది.

ఉద్యోగ దరఖాస్తు ఫారాల్లో "ఇప్పుడు గానీ, ఇకముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అన్న ప్రశ్నకు ఓపీటీ అభ్యర్థులు లేదని రాయడం తప్పు. స్పాన్సర్ చేయలేమని తిరస్కరించే హక్కు యజమానికి ఉంది, దాన్ని వివక్షగా సవాలు చేయడం వీసాదారులకు సాధ్యం కాదు. ఆఫర్ వచ్చాక మాత్రం పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో రాతలో అడగాలి. హెచ్-1బి గడువు మామూలుగా 6 ఏళ్లు. అది దాటి పొడిగింపు కావాలంటే పెర్మ్ గానీ, దాని తర్వాత యజమాని వేసే ఐ-140 పిటిషన్ గానీ దాఖలై 365 రోజులు గడిచి ఉండాలి, లేదా ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. "మూడేళ్లు పని చూసి ఆలోచిస్తాం" అనే విధానం ఉన్న చోట ఈ లెక్క చాలా ఇరుకవుతుంది.

డబ్బు విషయంలో చట్టం సూటిగా ఉంది. 2007 జూలై 16 నుంచి పెర్మ్ లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు యజమానే భరించాలి. జీతంలో కోత పెట్టి గానీ, "రెండేళ్లలోపు వెళ్లిపోతే తిరిగి కట్టాలి" అన్న షరతుతో గానీ దాన్ని ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. ఐ-140 ఖర్చుల మీద, ఉద్యోగి చివర్లో వేసే గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 ఖర్చుల మీద ఈ నిషేధం లేదు, కాబట్టి ఒప్పందంలో ఏ ఖర్చు దేనికో విడివిడిగా రాయించుకోవాలి. హెచ్-1బిలో సంస్థ పరిమాణాన్ని బట్టి పడే 750 లేదా 1,500 డాలర్ల శిక్షణ రుసుమూ యజమానిదే. ప్రాజెక్టు లేదని జీతం ఆపి బెంచి మీద కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం.

పెర్మ్ దాఖలైన తేదీయే గ్రీన్ కార్డు వరసలో చోటును నిర్ణయించే ప్రయారిటీ డేట్. ఉద్యోగాల గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఒక దేశంలో పుట్టినవారికి సాధారణంగా 7 శాతం మించి ఇవ్వరు. భారత్‌లో పుట్టినవారికి 2025 చివరలో కూడా ఈబీ-2, బ్యాచిలర్స్ స్థాయి ఉద్యోగాల ఈబీ-3 రెండింట్లోనూ 2013 నాటి తేదీలే నడిచాయి. లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. వేరే దేశంలో పుట్టిన జీవిత భాగస్వామి ఉంటే ఆ దేశపు కోటా వాడుకోవచ్చు. ఇన్నేళ్ల నిరీక్షణలో ఐ-140 ఆమోదమే ఉద్యోగి చేతికొచ్చే అసలైన ఆస్తి. మోసమో తీవ్రమైన పొరపాటో తేలితే తప్ప ఆ ప్రయారిటీ డేట్ ఉద్యోగం మారినా వెంట వస్తుంది. ఆమోదం పొంది 180 రోజులు దాటితే పాత యజమాని వెనక్కి తీసుకున్నా దాని ఆధారంగా హెచ్-1బి పొడిగింపులు దొరుకుతాయి. కొత్త యజమాని మాత్రం పెర్మ్ మళ్లీ మొదటి నుంచీ చేయాలి. ఐ-485 వేసి 180 రోజులు దాటాక అదే తరహా పనిలో మరో సంస్థకు మారినా గ్రీన్ కార్డు దరఖాస్తు నిలుస్తుంది. ఉద్యోగం పోతే 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఉండే అనుమతి) గడువు ముందే ముగిస్తే అంతవరకు, మరో యజమానిని వెతుక్కునే వెసులుబాటు ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో "ఉద్యోగంతో పాటు గ్రీన్ కార్డు గ్యారంటీ" అని లక్షలు అడిగేవారి దగ్గర ముందుగా చూడాల్సింది రిజిస్ట్రేషన్. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నమోదు ఉండాలి. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు సరిచూసుకోవచ్చు. నమోదున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ వసూలు చేయకూడదు. పెర్మ్ ఆమోదాన్ని కొనడం, అమ్మడం అమెరికా నిబంధనల్లో నిషిద్ధం కాబట్టి, దానికోసం డబ్బు ఇచ్చినవారి దరఖాస్తూ రద్దయ్యే ప్రమాదం ఉంది. అమెరికాలో హెచ్-1బి జీతం ఎగ్గొట్టినా, చట్టం వద్దన్న ఫీజు వసూలు చేసినా కార్మిక శాఖ వేతన విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగి మీద కక్ష సాధించడాన్నీ చట్టం నిషేధించింది. పే స్టబ్బులు, ఆఫర్ లెటరు, చేరే రోజుకల్లా యజమాని ఇవ్వాల్సిన ఎల్‌సీఏ ప్రతి ఆ ఫిర్యాదుకు ఆధారాలు.