పనిలేనివారి జాబితా: పైపు పనివారి సంఘం నేర్పే పాఠం

ఉదయం లేచి నల్లా తిప్పగానే నీరు వస్తుంది. అది వచ్చినంతకాలం ఆ నీటిని మోసుకొచ్చిన గొట్టం మనకు గుర్తుకు రాదు. గొట్టాన్ని అతికిన చేయి అసలే గుర్తుకు రాదు. నీరు ఆగిపోయిన నాడు మాత్రం మేస్త్రీ కోసం వీధి చివరి వరకు పరుగెత్తుతాము. హైదరాబాదు నగరంలో సూర్యోదయవేళ కూడళ్లలోని అడ్డాలను చూసినవారికి మరొక దృశ్యం కూడ తెలిసే ఉంటుంది. పనిముట్ల సంచి భుజాన వేసుకొని పదుల సంఖ్యలో మనుషులు నిలబడి ఉంటారు. గుత్తేదారు వచ్చి వేలు చూపినవాడికి ఆనాడు కూలి దొరుకుతుంది, మిగిలినవాడు పది గంటలకు ఇంటిముఖం పడతాడు. వేలు ఎవరివైపు తిరుగుతుందన్నది పనితనంపైన ఆధారపడదు. పరిచయంపైనో, తక్కువ కూలికి తలవంచడంపైనో ఆధారపడుతుంది.

ఈ స్థితి ఇలాగే ఉండక తప్పదా? దీనికి వేరొక ఏర్పాటు ఎక్కడైనా ఉన్నదా? ఈ ప్రశ్నతోనే మేము అమెరికా, కెనడా దేశాల పైపు పనివారి సంఘాన్ని గురించి అధ్యయనం చేయ పూనుకొన్నాము. అక్కడి స్థానిక శాఖలను ‘లోకల్’ అంటారు. ప్రతి లోకల్‌కు ఒక సంఖ్య ఉంటుంది. ప్రతి లోకల్ తన సభ్యులకు కాలానుసారంగా రెండు విషయాలు తెలియజేస్తూ ఉంటుంది. మొదటిది రానున్న నెలలలో పని ఎట్లా ఉండబోతున్నదన్న అంచనా, రెండవది సభ్యుల యోగక్షేమాలు. చూపునకు సామాన్యమైన ఈ రెండు అంశాలలో ఒక వృత్తి జీవితమంతా ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

సంఘం పుట్టుక

1889వ సంవత్సరంలో బోస్టన్ నగరపు ప్లంబరు పి. జె. క్విన్లన్, వాషింగ్టన్ నగరంలోని తోటి వృత్తివాడు రిచర్డ్ ఓబ్రయన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. ఊరూరా విడివిడిగా ఉన్న సంఘాలు ఒక్కటి కావాలన్నది దాని సారాంశం. ఆ సంవత్సరం అక్టోబరు 11వ తేదీన వాషింగ్టన్‌లో యునైటెడ్ అసోసియేషన్ ఆవిర్భవించింది. నేడు ఆ సంఘంలో మూడు లక్షలకు పైగా సభ్యులున్నారు. ఇండ్లలో నీటి గొట్టాలు వేసే ప్లంబర్లు, కర్మాగారాలలో గొట్టాలు అమర్చే పైప్ ఫిట్టర్లు, ఆవిరి గొట్టాల స్టీమ్ ఫిట్టర్లు, అగ్నిమాపక స్ప్రింక్లర్లు అమర్చేవారు, శీతలీకరణ యంత్రాల పనివారు, వెల్డర్లు అందరూ దాని నీడలోనే ఉన్నారు.

పని చూస్తే వేరువేరు, పట్టు ఒక్కటే. గొట్టం లోపల ప్రవహించేది మంచినీరైనా, అధిక పీడనంలోని ఆవిరియైనా, ఆసుపత్రి రోగికి అందే ప్రాణవాయువైనా అతుకు విడిపోరాదు. విద్యుత్కేంద్రపు ఆవిరి గొట్టంలో అతుకు విడితే అక్కడున్నవారి ప్రాణాలు పోతాయి. కాబట్టి ఈ వృత్తిలో శిక్షణ అలంకారం కాదు, ప్రాణరక్షణ.

ఉస్తాద్, షాగిర్ద్

మన ఉర్దూ సోదరులకు ఉస్తాద్-షాగిర్ద్ సంబంధాన్ని వివరించనక్కరలేదు. దర్జీ పనియైనా, బిద్రీ పనియైనా ఉస్తాదు ప్రక్కన కూర్చొని చేతితో నేర్చుకొన్నదే విద్య. ఈ సంఘం ఆ సంబంధాన్నే లెక్క ప్రకారం నియమబద్ధం చేసింది. అప్రెంటిస్ శిక్షణ ఐదు సంవత్సరాలు. సంవత్సరానికి 1,700 నుండి 2,000 గంటలు పనిస్థలంలో అనుభవజ్ఞుని ప్రక్కన పని, దానికి తోడు కనీసం 216 గంటల తరగతి చదువు. ఐదేండ్లలో తరగతి గదిలోనే వేయి గంటలు దాటుతాయి. గణితం, నక్షా చదవడం, వెల్డింగు, భద్రత అన్నీ అందులోనే.

ఇందులో గమనార్హమైన విషయం ఒకటున్నది. ఆ ఐదేండ్లూ షాగిర్దు జీతం తీసుకొంటూనే నేర్చుకొంటాడు. పూర్తి పనివాని వేతనంలో కొంత భాగంతో మొదలై, మెట్టుమెట్టుకూ అది పెరుగుతుంది. అప్పు చేసి చదువవలసిన అగత్యం లేదు. మన దేశంలో ఐ.టి.ఐ. ప్లంబరు కోర్సు ఒక సంవత్సరం, ఫిట్టరు కోర్సు రెండు సంవత్సరాలు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ద్వారా తరువాతి శిక్షణకూ మార్గమున్నది. కాని ఆ మార్గంలో నడిచేవారికంటె అడ్డాపై నిలబడి అనుభవంతో నేర్చుకొనేవారే ఎక్కువ.

జాబితా నడిచే తీరు

ఇక అసలు విషయానికి వద్దాము. భవన నిర్మాణపు పని ఉద్యోగం వంటిది కాదు. ఆసుపత్రి కట్టడం పూర్తికాగానే దాని గొట్టాలు వేసినవాని పనీ పూర్తవుతుంది. మంచి పనివాడు త్వరగా పూర్తిచేసి త్వరగా నిరుద్యోగి అవుతాడు! ఈ విచిత్రానికి ఆ సంఘాలు కనుగొన్న ఉపాయమే పనిలేనివారి జాబితా.

పని ముగిసినవాడు లోకల్ కార్యాలయానికి వెళ్లి పేరు వ్రాయించుకొంటాడు. అతని పేరు జాబితా అడుగున చేరుతుంది. గుత్తేదారుకు మనుషులు కావలసినపుడు కార్యాలయానికి కబురు చేస్తాడు. సాధారణంగా జాబితా పైనుండి వరుసగా పిలుపు వెళుతుంది. ఆయా లోకల్ నియమాలలో తేడాలున్నా సూత్రం ఒక్కటే: ముందు వచ్చినవానికి ముందు పని. వేలు చూపేవాడు లేడు, వరుస ఉన్నది. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తరువాత సంఘసభ్యుడు కానివానిని కూడ ఈ జాబితాలో వివక్ష లేకుండ చేర్చుకొనవలసి వచ్చింది. తన ఊరిలో పని తరిగితే సభ్యుడు పని ఉన్న మరొక లోకల్ పరిధిలోకి పోయి అక్కడి జాబితాలో పేరు వ్రాయించుకొంటాడు. స్థానికుల పిలుపు ముగిసిన తరువాత అతని వంతు వస్తుంది.

ఆరోగ్య బీమా, పింఛను కూడ యజమానిని అంటిపెట్టుకొని ఉండవు. ప్రతి పనిగంటకు ఇంత అని గుత్తేదారులు చెల్లించే సొమ్ము ఉమ్మడి నిధిలో చేరుతుంది. ఆ నిధిని సంఘ ప్రతినిధులు, యజమానుల ప్రతినిధులు సమానంగా కూర్చొని నిర్వహిస్తారు. పది మంది గుత్తేదారుల వద్ద పనిచేసినా గంటలన్నీ ఒకే ఖాతాలో పడతాయి. పని ఉన్ననాటి గంటలు పని లేనినాడు కుటుంబానికి అక్కరకు వస్తాయి.

పని అంచనా

కావున ‘రానున్న పని’ అన్న శీర్షికను సభ్యుడు వార్తగా చదువడు, పంచాంగంగా చదువుతాడు. మన రైతుకు మృగశిర, ఆరుద్ర ఎట్లాగో ఈ వృత్తికి వసంతము, శరత్తు అట్లా. విద్యుత్ వాడకం తగ్గే ఆ ఋతువులలో విద్యుత్కేంద్రాలను నిలిపి మరమ్మతులు చేస్తారు. అణువిద్యుత్ కేంద్రాలలో సుమారు 18 నుండి 24 నెలలకొకసారి ఇంధనం మార్చేటపుడు కొన్ని వారాలపాటు వందలాది చేతులకు పని ఉంటుంది. ఆ తరువాత జాబితా మళ్లీ పెరుగుతుంది.

ఇటీవలి కాలంలో ఈ అంచనాలను మార్చినవి రెండు. ఒకటి కంప్యూటర్ల సమాచార కేంద్రాలు. వాటిని చల్లబరచడానికి గొట్టాల వ్యవస్థ కావాలి. రెండవది 2022లో అమెరికా చేసిన చట్టం వలన ఊపందుకొన్న చిప్‌ల కర్మాగారాలు. వాటిలో అత్యంత శుద్ధమైన నీరు, విషవాయువులు ప్రవహించే గొట్టాలు ఉంటాయి.

ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ వద్ద తైవాన్ కంపెనీ టి.ఎస్.ఎం.సి. కర్మాగారం కట్టే సందర్భంలో 2023లో ఒక వివాదం తలెత్తింది. తైవాన్ నుండి వందలాది నిపుణులను రప్పించడానికి కంపెనీ సంకల్పించగా, అక్కడి పైపు పనివారి లోకల్ 469 ప్రతిఘటించింది. ఆ పని చేయగలవారు స్థానికంగానే ఉన్నారన్నది వారి వాదన. అంతటి ప్రత్యేక యంత్రాలలో అనుభవమున్నవారు కావాలన్నది కంపెనీ వాదన. అదే సంవత్సరం డిసెంబరులో కంపెనీకి, ఆ రాష్ట్ర నిర్మాణ కార్మిక సంఘాల మండలికి శిక్షణ, భద్రత మొదలగు విషయాలపై ఒప్పందం కుదిరింది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాలనుండి గల్ఫ్ దేశాలకు పోయిన పైపు పనివారి కుటుంబాల బిడ్డలు ఈ ఉదంతాన్ని రెండు వైపులనుండి చూడగలరు. పని పోతుందని భయపడేవాడూ కార్మికుడే, సముద్రం దాటి పనికి వచ్చేవాడూ కార్మికుడే. వచ్చేవాడు తక్కువ కూలికి, తక్కువ హక్కులకు వచ్చినపుడే ఇద్దరికీ నష్టం.

సభ్యుల కబుర్లు

రెండవ శీర్షిక సభ్యుల వార్తలు. ఇరవై ఐదేండ్ల సభ్యత్వానికి, యాభై ఏండ్ల సభ్యత్వానికి బహూకరించే చిహ్నాలు, శిక్షణ ముగించిన అప్రెంటిస్‌ల పేర్లు, పదవీ విరమణలు, జబ్బుపడినవారి క్షేమం, చివరగా కన్నుమూసినవారి పేర్లు ఇందులో ఉంటాయి. ఈ చివరి వరుసలో ఒక విషాదమున్నది. పూర్వం ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ తొడుగు వేసేవారు. దాని ధూళి పీల్చినవారికి 20 నుండి 50 ఏండ్ల తరువాత కూడ ఊపిరితిత్తుల పొరకు కేన్సరు సోకవచ్చును. యౌవనంలో చేసిన పని వృద్ధాప్యంలో పేరు పెట్టి పిలుస్తుంది. పేర్లు వ్రాసిపెట్టే సంఘం ఉన్నది కనుకనే ఏ పనిచేసినవారు ఏ జబ్బుతో పోయినారన్నది నలుగురికీ తెలిసి వచ్చింది. అడ్డాపై నిలబడినవాడు ఒకనాడు రాకపోతే ఎందుకు రాలేదని వ్రాసేవారెవరు?

ఈ వార్తలలో సంతోషానికీ చోటుంది. షికాగో నగరపు నదిలోనికి ఎవరు మురుగు వదులుతున్నారో కనిపెట్టడానికి ప్లంబర్లు గొట్టాలలో రంగు కలిపేవారు. ఆ రంగు అంటి ఆకుపచ్చగా మారిన దుస్తులను చూచి, ప్లంబర్ల సంఘ నాయకుడు స్టీఫెన్ బెయిలీకి సెయింట్ పాట్రిక్ పండుగనాడు నదినే పచ్చగా మార్చవచ్చునన్న ఊహ కలిగింది. 1962లో మొదటిసారి 100 పౌండ్ల రంగు వేయగా నది ఒక వారం పచ్చగానే ఉండిపోయిందట! ఆ ఆచారాన్ని ప్లంబర్ల లోకల్ 130 నేటికీ సాగిస్తున్నది.

మూసిన తలుపు

అయితే గుణాలను మాత్రమే చెప్పి ఊరుకోవడం అధ్యయనం కాజాలదు. న్యాయమైన ఆ వరుసలోనికి ప్రవేశమే చాలాకాలం అన్యాయంగా ఉండేది. తండ్రి సిఫారసుతో కుమారుడు, మేనమామ సిఫారసుతో మేనల్లుడు చేరేవారు. నల్లజాతివారికి, ప్యూర్టోరికోవారికి అనేక లోకల్‌లలో తలుపులు మూసి ఉండేవి.

జార్జి మీనీ జీవితమే దీనికి నిదర్శనం. న్యూయార్క్ ప్లంబర్ల లోకల్ 463లో అప్రెంటిస్‌గా మొదలై, 1922లో దాని బిజినెస్ ఏజెంటై, 1955 నుండి 1979 వరకు అమెరికా కార్మిక సమాఖ్యకే అధ్యక్షుడైనాడు. ఉద్యోగాలలో జాతివివక్షను నిషేధించే నిబంధన 1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఉండాలని ఆయన గట్టిగా కోరాడు. అదే 1964లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ టర్మినల్ మార్కెట్ నిర్మాణంలో ఒక నల్లజాతివానిని, ముగ్గురు ప్యూర్టోరికోవారిని పనిలోకి తీసుకోగా ప్లంబర్ల లోకల్ 2 సభ్యులు పని విడిచి వెళ్లిపోయారు. వారు సంఘసభ్యులు కారన్నది చెప్పిన కారణం. మీనీ తన వృత్తివారినే సమర్థించాడు. సంఘంలో చేరనివ్వకపోవడం, చేరలేదని పని ఇవ్వకపోవడం ఒకే తాళానికి రెండు తాళపుచెవులు కావా?

1969లో ఫిలడెల్ఫియా ప్రణాళిక పేరిట ప్రభుత్వం ప్లంబర్లు, పైప్ ఫిట్టర్లు, స్టీమ్ ఫిట్టర్లతో సహా కొన్ని నిర్మాణ వృత్తులలో అల్పసంఖ్యాకులను చేర్చుకొనడానికి లక్ష్యాలు నిర్ణయించింది. 1971లో అక్కడి అప్పీలు న్యాయస్థానం దానిని సమర్థించింది. తలుపు తనంతట తాను తెరుచుకోలేదు, చట్టము, న్యాయస్థానము, బయట నిలబడినవారి పట్టుదల కలసి తెరిచాయి.

మనం గ్రహించవలసినది

అల్పసంఖ్యాక వర్గాల కళాశాల విద్యార్థులమైన మనకు ఈ రెండు పాఠాలూ అవసరమే. వరుస లేనిచోట బలహీనుడు నష్టపోతాడన్నది మొదటిది. వరుస ఉన్నంతమాత్రాన చాలదు, అందులో నిలబడే హక్కు అందరికీ ఉండాలన్నది రెండవది.

మన ఊళ్లలో పనిచేసే ప్లంబర్లలో అనేకులు ఒడిశాలోని కేంద్రపాడా ప్రాంతంవారు. మనవారు అదే పనికి సౌదీ అరేబియాకు, దుబాయికి పోతున్నారు. కార్మిక సంఘాలకు అనుమతి లేని ఆ దేశాలలో వారికి జాబితా లేదు, హాలు లేదు, వార్తల పత్రం లేదు. ఏజెంటు చెప్పిన మాటే వేదం, అతనికి చెల్లించడానికి తెచ్చిన అప్పే తొలి సంపాదన.

కాబట్టి వచ్చే సంవత్సరం మన కళాశాలలో ఒక చిన్న ప్రయత్నం జరగాలని కళాశాల సంఘంవారికి మనవి చేస్తున్నాము. మన విద్యార్థుల తండ్రులు, అన్నలు ఏయే వృత్తులలో, ఏయే దేశాలలో పనిచేస్తున్నారో, ఎన్ని నెలలు పని ఉంటుందో, ఎన్ని నెలలు లేదో, ఎవరికి ఏ దెబ్బ తగిలిందో తెలుగులోను, ఉర్దూలోను ఒక దస్తరంలో వ్రాయిద్దాము. దానికి ఖర్చు ఒక పుస్తకం, ఒక కలం. 1889లో క్విన్లన్ వద్ద ఉన్నదీ అంతే.