రెండు పాటలు, ఒక్క చెయ్యి

పాయకరావుపేటకూ తునికీ మధ్య తాండవ నది ఉంది కదా! ఒక చిన్న ఊహ చేద్దాం. పెళ్ళిళ్ళ రోజులు. పాయకరావుపేట ఒడ్డున ఒక ఊరేగింపు, తుని ఒడ్డున మరొకటి. రెండింటిలోనూ డప్పులు మోగుతున్నాయి. మీరు వంతెన మధ్యలో నిలబడి వింటున్నారు.

ఇటువైపు డప్పు నిమిషానికి 120 దెబ్బలు, అటువైపు డప్పు 124 దెబ్బలు కొడుతున్నాయి అనుకోండి. ఒక క్షణంలో రెండు దెబ్బలూ కలిసి ఒకటిగా వినిపిస్తాయి. ఆ తరవాత? మొదటి డప్పు 15 దెబ్బలు కొట్టేసరికి రెండోది పదిహేనున్నర దగ్గర ఉంటుంది. అంటే ఏడున్నర సెకన్లకు ఒకదాని దెబ్బ రెండోదాని దెబ్బల నడుమ పడుతుంది. ఆ సమయంలో చిందేసేవాడికి కాళ్ళు తడబడతాయి. 15 సెకన్లకు 30వ దెబ్బా 31వ దెబ్బా మళ్ళీ కలుస్తాయి. కలవడం, విడిపోవడం, కలవడం ఇలా సాగుతూనే ఉంటుంది.

ఈ తడబాటు లేకుండా రెండు పాటలను కలిపేవాడే డీజే. మన ఊళ్ళలో డీజే అంటే వ్యాను మీద పేర్చిన పెద్ద పెద్ద సౌండు పెట్టెలని అనుకుంటాం. నిజానికి అది ‘డిస్క్ జాకీ’ అనే మాటకు పొట్టి రూపం. గ్రామఫోను రికార్డును నడిపే మనిషి అన్నమాట.

చక్రం వేగం, పాట వేగం

డీజే ముందు రెండు తిరుగుడు బల్లలు, వాటి మధ్య ధ్వనిని హెచ్చించి తగ్గించే మిక్సరు ఉంటాయి. ఒక పాట అందరికీ వినిపిస్తూ ఉంటుంది. రెండోదాన్ని డీజే తన చెవికి మాత్రమే, హెడ్‌ఫోనులో వింటాడు. రెండింటి లయలో తేడా ఉంటే చక్రం వేగాన్ని సరిచేస్తాడు. 1979లో జపాను నుంచి వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 రెండో నమూనాలో ఇందుకోసం ఒక జారుడు మీట ఉంది. దానితో వేగాన్ని 8 శాతం వరకూ పెంచవచ్చు, తగ్గించవచ్చు.

మన లెక్కకే వద్దాం. 120 దెబ్బల పాట 124తో కలవాలంటే వేగం 30కి 31 వంతున పెరగాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డును సుమారు 34.4 చుట్లు తిప్పాలి. అయితే ఇందులో ఒక చిక్కుంది. చక్రం వేగం పెరిగితే పౌనఃపున్యం కూడా అదే వంతున పెరుగుతుంది. 240 హెర్ట్జ్‌ల స్వరం 248 హెర్ట్జ్‌లవుతుంది. గొంతు కాస్త సన్నబడుతుంది. నేటి కంప్యూటర్లు శ్రుతి మార్చకుండానే వేగం మార్చగలవు.

దర్బన్ కుర్రాడు

ఇప్పుడు మనం హిందూ మహాసముద్రం దాటి దక్షిణాఫ్రికాలోని దర్బన్ రేవుకు వెళదాం. ఆ రేవు మనకు కొత్తది కాదు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలను అక్కడికి తీసుకుపోయింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఆ దర్బన్ శివారులో, నల్లవారికి కేటాయించిన ఉమ్లాజీలో 1976లో ఎన్‌కోసినాతి మపుములో పుట్టారు. బాల్యం మ్తాతా అనే పట్టణంలో గడిచింది. 1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యారు. ఆ సందర్భంగా ప్రజలు వీధుల్లో సంబరాలు చేసుకుంటుండగా గుంపు మీదికి ఒక వాహనం దూసుకొచ్చింది. మెడ నుంచి చేతికి వెళ్ళే నరాల గుచ్ఛం దెబ్బతిని, మపుములో ఎడమ చెయ్యి పనిచెయ్యడం మానేసింది. అప్పటికి ఆయనకు 13 ఏళ్ళు.

రెండు పాటలు కలపడం రెండు చేతుల పని కాదా? జాగ్రత్తగా ఆలోచించండి. వినడం, మీట జరపడం, రికార్డు వదలడం, ధ్వని హెచ్చించడం ఒకదాని తరవాత ఒకటిగా జరిగే పనులు. వరస తెలిసి, సమయం తప్పకపోతే ఒక్క చెయ్యి చాలు. చెవి మాత్రం తప్పకూడదు. మపుములో ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో ఆ పని సాధించారు. ‘బ్లాక్ కాఫీ’ అని పేరు పెట్టుకున్నారు.

దర్బన్‌లో జాజ్ సంగీతం చదివారు. 2005లో తొలి ఆల్బం తెచ్చారు. అందులో హ్యూ మసకేలా పాడిన ‘స్టిమేలా’ను కొత్త లయలో వినిపించారు. గని కార్మికులను మోసుకొచ్చే రైలు గురించిన పాట అది. 2010లో సొవెటోలో 60 గంటల ప్రదర్శన ఇచ్చారు. 2022లో ‘సబ్‌కాన్షస్లీ’ ఆల్బంకు గ్రామీ బహుమతి వచ్చింది. నృత్య, ఎలక్ట్రానిక్ సంగీత ఆల్బంల విభాగంలో ఆ బహుమతి పొందిన తొలి ఆఫ్రికన్ ఆయనే.

మీరూ చేసి చూడండి

రెండు సమానమైన చిన్న రాళ్ళు, దారం తీసుకోండి. ఒక లోలకం 25 సెంటీమీటర్లు, రెండోది 23.4 సెంటీమీటర్లు ఉండేలా పక్కపక్కనే వేలాడదీయండి. దారం కట్టిన చోటు నుంచి రాయి మధ్య వరకూ కొలవాలి. రెండింటినీ ఒకేసారి వదలండి. కొద్దిసేపటికి విడిపోయి, పొడవైనది దాదాపు 30 సార్లు ఊగేసరికి మళ్ళీ కలుస్తాయి. ఇప్పుడు ఒక్క చేత్తో పొడవైన దారాన్ని కొంచెం కొంచెంగా పైకి లాగుతూ, రెండూ ఎప్పటికీ కలిసే ఊగేలా సరిచేయండి. ఎన్ని ప్రయత్నాలు పట్టాయో రాసుకోండి.

నిమిషానికి 125, 128 దెబ్బలు కొట్టే డప్పులైతే ఎన్ని సెకన్లకు ఒకసారి కలుస్తాయి? మీరే లెక్క వేయండి. ‘20’ అని వచ్చిందా? అయితే డీజే చెవి రహస్యం మీకు పట్టుబడినట్టే.